పేరే ఇంధనమైన మనిషి – రుడాల్ఫ్ డీజిల్

వాట్ పేరు బల్బు మీద వుంటుంది. వోల్టా పేరు బ్యాటరీ మీద వుంటుంది. కానీ చదువు రాని రైతు నోట్లో కూడా రోజూ నలిగే ఇంజనీరు పేరు ఒక్కటే, డీజిల్. పొలంలో ఆయిలింజను ఆగిపోతే ముందుగా చూసుకునేది డీజిలు వుందా లేదా అనే. బస్సు చార్జీలు పెరిగినా, కూరగాయల ధర పెరిగినా ఆ పేరే తిట్లు తింటుంది. ఆ మాట ఒక మనిషి ఇంటిపేరనీ, ఆ మనిషి 1913 సెప్టెంబరులో ఓ రాత్రి సముద్రంలో కలిసిపోయాడనీ మనలో చాలామందికి తెలీదు.

ఇప్పుడు ఎక్కడ చూసినా ప్రత్యామ్నాయ ఇంధనాల మాటే. ఇథనాల్ అంటున్నారు, హైడ్రోజన్ అంటున్నారు, బ్యాటరీ అంటున్నారు. వీటి మీద పెట్టే పరిశోధన ఖర్చులో ఎంత పనికొస్తుంది, ఎంత వృథా అన్న వాదన కూడా దాంతోపాటే నడుస్తోంది. ఈ వాదనలో పడేముందు డీజిల్ జీవితాన్ని ఒక్కసారి తిరగేయడం మంచిది. డబ్బు ఏ ప్రయోగంలో వృథా అయింది, ఎక్కడ వృథా అయినట్టు కనిపించి నిలిచింది అన్నది ఆయన కథలో తేటతెల్లంగా కనిపిస్తుంది.

బాల్యం, చదువు

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో జన్మించాడు. తల్లిదండ్రులు జర్మన్లు. తండ్రి థియోడోర్ ఆగ్స్‌బర్గ్ నుంచి బతుకుతెరువు కోసం వచ్చి తోలు వస్తువులు తయారుచేసే చిన్న కార్ఖానా పెట్టుకున్నాడు. తయారైన సరుకుని తోపుడుబండి మీద కొనుగోలుదార్ల ఇళ్లకు చేర్చడం కుర్రవాడి పని. తీరిక దొరికితే యంత్రాల మ్యూజియానికి పోయి పాత ఆవిరి యంత్రాలను చూస్తూ నిలబడేవాడు.

1870లో ఫ్రాన్సుకీ ప్రష్యాకీ యుద్ధం వచ్చింది. పారిస్‌లో వున్న జర్మన్లు ఉన్నపళంగా వెళ్లిపోవలసి వచ్చింది. డీజిల్ కుటుంబం లండన్ చేరింది. అక్కడ పూట గడవడమే కష్టమైంది. పన్నెండేళ్ల రుడాల్ఫ్‌ను ఆగ్స్‌బర్గ్‌లోని బంధువుల ఇంటికి పంపేశారు. ఆ ఇంటి పెద్ద లెక్కల మాస్టారు. పరాయి పంచన వుంటూ చదివిన పిల్లలు రెండు రకాలు. కొందరు ముడుచుకుపోతారు, కొందరు కసిగా చదువుతారు. రుడాల్ఫ్ రెండో రకం. ఇంజనీరు కావాలని పద్నాలుగో ఏటనే నిర్ణయించుకుని తల్లిదండ్రులకు ఉత్తరం రాశాడు. 1875లో స్కాలర్‌షిప్ మీద మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చేరాడు. టైఫాయిడ్ వచ్చి పరీక్ష తప్పిపోతే, 1880 జనవరిలో మళ్లీ రాసి అగ్రశ్రేణిలో నెగ్గాడు.

మ్యూనిక్‌లో ఆయనకు పాఠం చెప్పినవాడు కార్ల్ ఫాన్ లిండే. శీతలీకరణ యంత్రాలకు ఆద్యుల్లో ఒకడు. ఆయన ఒకనాడు క్లాసులో ఆవిరి యంత్రం గురించి చెబుతూ, బొగ్గులో వున్న శక్తిలో పదోవంతు కూడా పనిగా మారడంలేదని లెక్కగట్టి చూపించాడు. మిగతా తొమ్మిది వంతులూ పొగగొట్టంలోంచీ నీళ్లలోకీ పోతోందన్నమాట. అదే పాఠంలో కార్నో అనే ఫ్రెంచి ఇంజనీరు ఊహించిన ఆదర్శ యంత్రం ప్రస్తావన కూడా వచ్చింది. దాన్ని ఆచరణలో పెట్టే దారి వుందేమో చూడాలని డీజిల్ నోటు పుస్తకం అంచున రాసుకున్నాడు. క్లాసులో రాసుకున్న నోట్సు పరీక్ష అయిన మర్నాడు పాత కాగితాలవాడికి వేసే మనబోటివాళ్లకి ఇదొక చురక!

మొదటి వృథా ఖర్చు

చదువయ్యాక లిండే తన పారిస్ ఐసు ఫ్యాక్టరీలో ఉద్యోగమిచ్చాడు. ఏడాది తిరక్కుండానే డీజిల్ దాని డైరెక్టరయ్యాడు. 1883లో మార్తా ఫ్లాషేను పెళ్లాడాడు. ముగ్గురు పిల్లలు పుట్టారు. మామూలు మనిషికి ఇంతకంటే ఏం కావాలి?

కానీ నోటు పుస్తకం అంచున రాసుకున్న వాక్యం ఊరుకోనిస్తేగా! పగలు ఐసు అమ్మడం, మిగిలిన వేళల్లో ప్రయోగాలు. నీటి ఆవిరికి బదులు అమ్మోనియా ఆవిరితో నడిచే యంత్రం చేద్దామని ఏళ్ల తరబడి పాటుబడ్డాడు. ఫలించలేదు. పెట్టిన కాలమూ డబ్బూ పోయాయి. అయితే అధిక పీడనంలో వాయువులు ఎలా ప్రవర్తిస్తాయో ఆ ప్రయోగాల్లోనే ఆయనకు వంటబట్టింది. దాని మీదనే తర్వాతి ఆలోచన లేచింది. అమ్మోనియా ఎందుకు, మామూలు గాలినే గట్టిగా అదిమితే సరిపోదా అన్నదే ఆ ఆలోచన.

సైకిలు పంపుతో గాలి కొడుతుంటే పంపు అడుగుభాగం వేడెక్కడం మనందరికీ తెలుసు. గాలిని అదిమితే వేడెక్కుతుంది. మరీ గట్టిగా అదిమితే, అందులో నూనె చల్లగానే దానంతటదే భగ్గుమనేంత వేడెక్కుతుంది. పెట్రోలు ఇంజన్లో మాదిరి విద్యుత్ నిప్పురవ్వ అక్కర్లేదు. పైగా గాలిని ఎంత ఎక్కువ అదిమితే ఇంధనం అంత ఆదా. డీజిల్ ఇంజను సారాంశం ఇంతే. 1892లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1893లో మంజూరైంది, నంబరు 67207. అదే ఏడాది తన సిద్ధాంతాన్ని పుస్తకంగా కూడా అచ్చువేశాడు.

లెక్క వేరు, ఇనుము వేరు

పుస్తకంలో లెక్కలు బాగున్నాయి. యంత్రం చేయడానికి డబ్బెవరిస్తారు? ఆగ్స్‌బర్గ్ యంత్రాల కర్మాగారం అధిపతి హైన్రిక్ బుజ్ మొదట కాదన్నాడు, తర్వాత ఒప్పుకున్నాడు. ఉక్కు పరిశ్రమలో పేరుమోసిన క్రుప్ సంస్థ కూడా కలిసింది. ఏడాదికి 30,000 మార్కులు జీతంగా ఇవ్వడానికి క్రుప్ ఒప్పుకుంది. డీజిల్ లిండే దగ్గర ఉద్యోగం వదిలేశాడు.

ఇక్కడో ముఖ్యమైన సంగతి. పేటెంటులో రాసిన పద్ధతి ఉన్నదున్నట్టు పనిచేయదు. మొదట ఆయన ఊహించిన పీడనం 250 వాతావరణాలు. ఇంధనం మండుతున్నా ఉష్ణోగ్రత పెరగకూడదని కూడా అందులో వుంది. అలా చేస్తే వచ్చే శక్తి యంత్రం లోపలి రాపిడికే సరిపోతుంది. ఈ సంగతి డీజిల్‌కు 1893లోనే తెలిసిపోయింది. పీడనం బాగా తగ్గించాడు, మండే పద్ధతి మార్చాడు, మార్చిన పద్ధతికి ఇంకో పేటెంటు పెట్టాడు. కానీ మొదటి లెక్క తప్పని బాహాటంగా చెప్పలేదు. ఈ మౌనం తర్వాత ఆయన మెడకు చుట్టుకుంది.

1893 ఆగస్టు 10న మొదటి పరీక్ష జరిగింది. ఫ్యాక్టరీ షాఫ్టు నుంచి బెల్టు వేసి ఇంజన్ని తిప్పుతూ లోపలికి పెట్రోలు చల్లారు. ఫిరంగి పేలినట్టు మోగింది. పీడనం కొలిచే సాధనం ముక్కలై ఎగిరింది. ఇంజను సొంతంగా ఒక్క చుట్టూ తిరగలేదు. కానీ నిప్పురవ్వ లేకుండా ఇంధనం అంటుకుంటుందని రుజువైంది. 1894 ఫిబ్రవరి 17న రెండో యంత్రం మొదటిసారి తనంతట తాను నడిచింది. ఎంతసేపు? సుమారు ఒక నిమిషం, 88 చుట్లు. ఏడాది శ్రమకీ అంత డబ్బుకీ ఒక్క నిమిషం! లెక్కలు చూసే గుమాస్తా అయితే అక్కడే ఫైలు మూసేసేవాడు.

బుజ్ మూయలేదు. సరిగ్గా మూడేళ్లకు, 1897 ఫిబ్రవరి 17న, మ్యూనిక్ ప్రొఫెసర్ ష్రోటర్ సమక్షంలో అధికారికంగా పరీక్ష జరిగింది. ఇరవై అశ్వశక్తుల ఇంజను, ఇంధనం కిరోసిను. ఒక అశ్వశక్తి గంటకు ఖర్చయినది 238 గ్రాములు. ఇంధనంలోని శక్తిలో 26.2 శాతం పనిగా మారింది. అప్పటి ఆవిరి యంత్రాలతో పోలిస్తే రెట్టింపు కంటే ఎక్కువ. నాలుగేళ్లపాటు పాడైన పంపులు, పగిలిన భాగాలు, మార్చిన నమూనాలు, వీటన్నింటికీ అయిన ఖర్చు ఆ ఒక్క అంకెతో సార్థకమైంది.

అమ్మిన ఇంజన్లు తిరిగొచ్చాయి

అంకె చూసి లోకం ఎగబడింది. బ్రిటన్, స్విట్జర్లాండ్, బెల్జియం, రష్యా కంపెనీలు లైసెన్సుల కోసం క్యూ కట్టాయి. సెయింట్ లూయిస్ నగరంలో బీరు తయారుచేసే అడాల్ఫస్ బుష్ అమెరికా హక్కులకు పది లక్షల మార్కులు ఇచ్చాడు. 1898లో డీజిల్ తన హక్కులన్నీ ఒక కొత్త కంపెనీకి 35 లక్షల మార్కులకు బదలాయించాడు. నలభై ఏళ్లకే కోటీశ్వరుడంతటివాడయ్యాడు.

అసలు కష్టాలు అప్పుడు మొదలయ్యాయి. ప్రయోగశాలలో ఇంజను చుట్టూ ఆరితేరిన మెకానిక్కులున్నారు. చిన్న చప్పుడు తేడా వస్తే ఆపి చూసేవారు. కెంప్టెన్ పట్టణంలోని అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి 1898లో అమ్మిన ఇంజను దగ్గర అలాంటివాళ్లు ఎవరుంటారు? రోజంతా నడవవలసిన ఇంజను గంటకోసారి మొరాయించేది. ఇంధనం చల్లే ముక్కు మూసుకుపోయేది. గాలి కంప్రెసరు చెడేది. వాల్వులు పట్టేసేవి. కొన్నవాళ్లు గగ్గోలు పెట్టారు. డీజిల్ ఇంజన్లు తయారుచేయడానికని ఆగ్స్‌బర్గ్‌లోనే పెట్టిన మరో కంపెనీ ఇలా తిరిగొచ్చిన ఇంజన్ల భారంతోనే కుదేలై ఉత్పత్తి ఆపేసింది.

మనం గుర్తుపెట్టుకోవలసిన తేడా ఇక్కడే వుంది. సామర్థ్యం ఒక్క రోజు పరీక్షలో తేలుతుంది. నమ్మకంగా పనిచేయడమన్నది వెయ్యి రోజులు, పదిమంది చేతుల్లో, దుమ్ములో, ఎండలో, అశ్రద్ధలో నడిస్తేగాని తేలదు. మొదటిదానికి డబ్బిచ్చినవాళ్లు రెండోదానికి కాలం ఇవ్వలేదు. తొందరగా అమ్ముకుందామన్న ఆత్రంలో డీజిల్ కూడా పాలుపంచుకున్నాడు.

దానికి తోడు కోర్టు గొడవలు. ఈ ఆలోచన ముందు తమదేనంటూ కొందరు తయారయ్యారు. అమ్మిన ఇంజను పేటెంటులో రాసిన ఇంజనేనా అని నిలదీశారు. నరాల జబ్బుతో డీజిల్ 1898లో మ్యూనిక్‌లోని ఒక శానిటోరియంలో చేరవలసి వచ్చింది. ఆయన మంచం మీద వుండగా ఆగ్స్‌బర్గ్‌లో లౌస్టర్ అనే ఇంజనీరూ, ఆయన వెంట వున్న పనివాళ్లూ ఒక్కొక్క లోపమే సరిచేస్తూ పోయారు. ఇంధనం చల్లే ముక్కు, కంప్రెసరు, వాల్వు, ఇలా వరసగా. వీళ్ల పేర్లు ఏ ఇంధనానికీ పెట్టలేదు. కానీ కొత్త శతాబ్దం తొలి ఏళ్లలో ఇంజను నిలదొక్కుకున్నది వీళ్ల చేతుల మీదుగానే.

ఆపై వెనక్కి చూడలేదు. 1903లో రష్యా నదిలో నోబెల్ కంపెనీ వారి వాండల్ అనే ఓడ డీజిల్‌తో నడిచింది. 1910లో ఆముండ్‌సెన్ దక్షిణ ధ్రువానికి బయల్దేరిన ఫ్రామ్ ఓడలో వున్నది డీజిల్ ఇంజనే. 1912లో డెన్మార్క్ ఓడ సెలాండియా మహాసముద్రాలు దాటి బాంకాక్ పోయి వచ్చింది.

ఏ నూనె అయినా సరే

డీజిల్ మనసులో మొదట్నుంచీ వున్న కోరిక ఒకటి. ఖరీదైన ఇంధనం మీద ఆధారపడని, చిన్న కార్ఖానాలవాడికి అందుబాటులో వుండే యంత్రం కావాలి. జర్మనీలో పెట్రోలియం తక్కువ, బొగ్గు ఎక్కువ. అంచేత బొగ్గుపొడితో ఇంజను నడపాలని పేటెంటులోనే రాశాడు. ఆగ్స్‌బర్గ్‌లో ప్రయత్నించారు. బొగ్గు బూడిద సిలిండరు గోడల్ని ఆకురాయిలా అరగదీసింది. కొద్ది పరీక్షలతోనే ఆపేశారు. ఆపడం కూడా పరిశోధనలో భాగమే. ఆయన దగ్గర పనిచేసిన పావ్లికోవ్‌స్కీ ఆ తర్వాత దశాబ్దాలపాటు బొగ్గుపొడి ఇంజను మీదే కూర్చున్నాడు. ఇంజను నడిచింది గాని మార్కెట్టులో నిలవలేదు.

ఇక వేరుశనగ నూనె కథ. ప్రతి ఏటా ఆగస్టు 10న మన దేశంలో జీవ ఇంధన దినం జరుపుతారు. 1893లో ఆ రోజున డీజిల్ తన ఇంజన్ని వేరుశనగ నూనెతో నడిపాడని పత్రికల్లో రాస్తుంటారు. ఆ రోజు జరిగిందేమిటో పైన చూశాం. వాడింది పెట్రోలు, ఇంజను నడవనేలేదు. వేరుశనగ నూనె సంగతి 1900 నాటి పారిస్ ప్రదర్శనది. ఆఫ్రికాలోని తమ వలసల్లో వేరుశనగ పుష్కలంగా పండుతుంది గనక, అక్కడి పంటతోనే అక్కడి యంత్రాలు నడపవచ్చునా అని ఫ్రెంచి ప్రభుత్వం అడిగింది. ఫ్రాన్సులోని ఓట్టో కంపెనీ ఒక చిన్న డీజిల్ ఇంజన్ని ఆ నూనెతో నడిపి చూపించింది. ఖనిజ తైలం కోసం చేసిన ఇంజను, ఏ మార్పూ లేకుండా నడిచింది. చూడవచ్చినవాళ్లలో చాలామంది తేడాయే గమనించలేదు. డీజిల్ దీన్ని తన ఘనతగా చెప్పుకోలేదు. తర్వాత తానూ పరీక్షలు చేసి, ఇప్పుడు చిన్న విషయంగా కనిపించినా మునుముందు మొక్కల నూనెలు పెట్రోలియంతో సమానమైన ప్రాముఖ్యానికి రావచ్చునని 1912లో రాశాడు.

ఆ మాట పట్టుకుని మన దేశంలో ఏం జరిగిందో చూడండి. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ జట్రోఫా నూనెతో బయోడీజిల్ చేద్దామంది. 2011–12 నాటికి డీజిల్లో 20 శాతం కలపాలని లక్ష్యం పెట్టింది. మన ప్రాంతంలో కానుగ, జట్రోఫా మొక్కల పెంపకానికి ప్రోత్సాహమిచ్చారు. మంచి రకం విత్తనం ఎంపిక కాకముందే, బీడు భూమిలో నీళ్లు లేకుండా ఎంత కాస్తుందో తేలకముందే, గింజలు ఎవరు కొంటారో తెలీకముందే ఎకరాల లెక్కలు వేసేశారు. లక్ష్యం దరిదాపులకు కూడా పోలేదు. కెంప్టెన్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో జరిగిందీ ఇదే. అక్కడ నష్టపోయింది ఒక యజమాని, ఇక్కడ మెట్ట రైతు.

చివరి ప్రయాణం

ఇంజను నిలబడింది, మనిషి నిలబడలేదు. మ్యూనిక్‌లో కళ్లు చెదిరే భవనం కట్టించాడు. స్థలాల వ్యాపారంలో పెట్టిన డబ్బు పోయింది. చమురు బావుల్లో పెట్టిందీ పోయింది. ప్రయోగశాలలో ప్రతి మార్కుకీ లెక్క రాసిన మనిషి, సొంత డబ్బు దగ్గర ఆ జాగ్రత్త చూపలేదు. కార్మికులే కర్మాగారాలకు భాగస్వాములయ్యే పద్ధతి గురించి 1903లో ఒక పుస్తకం రాశాడు. దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. పేటెంట్ల గడువులు తీరిపోయాయి. 1913లో ల్యూడర్స్ అనే ప్రొఫెసరు, డీజిల్ ఇంజను డీజిల్‌ది కాదన్న ధోరణిలో ఏకంగా పుస్తకమే వేశాడు. ఇరవై ఏళ్లనాటి మౌనం ఇప్పుడు వడ్డీతో సహా తిరిగొచ్చింది.

1913 సెప్టెంబరు 29న లండన్‌లో ఒక కంపెనీ సమావేశానికని ఆంట్వెర్ప్‌లో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కాడు. ఇద్దరు మిత్రులతో కలిసి భోంచేశాడు. పది గంటల ప్రాంతంలో, పొద్దున్నే లేపమని చెప్పి గదిలోకి వెళ్లాడు. తెల్లవారేసరికి గది ఖాళీ. పక్క నలగలేదు. టోపీ, కోటు డెక్కు మీద దొరికాయి. పది రోజుల తర్వాత ఒక డచ్చి పడవవాళ్లకు సముద్రంలో శవం కనిపించింది. జేబులోని వస్తువులు మాత్రం తీసుకొచ్చారు. వాటిని కొడుకు ఆయ్‌గెన్ గుర్తుపట్టాడు. వయసు యాభై అయిదు. హత్య అన్నవాళ్లున్నారు, గూఢచారుల కథలల్లినవాళ్లున్నారు. ఇంట్లో మిగిలిన లెక్కలు చూస్తే బ్యాంకులో ఏమీ లేదు, అప్పులు మాత్రం వున్నాయి. డైరీలో ఆ తేదీ దగ్గర సిలువ గుర్తు వుంది. ఆయన ఎక్కిన డ్రెస్డెన్ ఆవిరి ఓడ కావడం మాత్రం విచిత్రం.

లెక్క తేల్చుకుంటే

డీజిల్ కారు నడవడం ఆయన చూడలేదు. ఇంధనాన్ని గాలి కంప్రెసరుతో చల్లే పద్ధతి వున్నంతకాలం ఇంజను బరువు తగ్గలేదు. తేలికైన ఇంజను కోసం ఆయన చేసిన ప్రయత్నం ఫలించలేదు. 1909లో లోరాంజ్ రూపొందించిన ముందస్తు దహన గది, 1920 దశకంలో బాష్ కంపెనీ తయారుచేసిన ఇంధన పంపు వచ్చాకనే దారి తెరుచుకుంది. 1936లో బెర్లిన్ ప్రదర్శనలో మెర్సిడెస్ 260 డి కారు వచ్చింది. టాక్సీవాళ్లు దాన్ని ఇష్టపడ్డారు. నూనె తక్కువ తాగుతుంది, తొందరగా చెడిపోదు. కెంప్టెన్‌లో పోయిన పరువు తిరిగి రావడానికి 38 ఏళ్లు పట్టింది. 2012లో డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన విభాగం తేల్చింది. అది కూడా ఈ లెక్కలో రాసుకోవలసిందే.

ఇప్పుడు చెప్పండి, ఏది వృథా? ఫలించని అమ్మోనియా యంత్రం వృథా కాదు. ఒక్క నిమిషం నడిచిన ఇంజను వృథా కాదు. సకాలంలో ఆపేసిన బొగ్గుపొడి ప్రయోగమూ వృథా కాదు. పరీక్ష అయిందే చాలని నమ్మకం కుదరకముందే అమ్మడం వృథా. తప్పిన లెక్కను తప్పిందని చెప్పకపోవడం వృథా. 2025లో మన పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. దీనికి తగినట్టు తయారుకాని బండ్లలో మైలేజి కొంత తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. అలా ముందుగా రాసిపెట్టడం మంచిదే. బండి కొన్నవాడికి కూడా ఆ సంగతి అంత స్పష్టంగా చెబితే ఇంకా మంచిది.

రేపు మనలో కొందరు లాబరేటరీల్లో పనిచేస్తారు, కొందరు వాటికి డబ్బు మంజూరు చేసే కుర్చీల్లో కూర్చుంటారు. మొదటివాళ్లు ప్రయోగం చెడితే చెడిందని రాయాలి. రెండోవాళ్లు ఆ రాత చూసి బెదిరిపోకుండా ఇంకో ఏడాది గడువివ్వగలగాలి. ఆగ్స్‌బర్గ్‌లో బుజ్ అలా ఇచ్చాడు గనకనే మన ఊరి చేలో ఆయిలింజను మోగింది.